ఉప్పుకు దారి మూసుకుపోతే

చెమట ఉప్పగా ఉంటుందని చిన్నపిల్లలకూ తెలుసు. అసలు ఆశ్చర్యం వేరే ఉంది. అది ఉండాల్సినంత ఉప్పగా ఉండదు. చెమట ఊరేది చర్మం లోపల, చుట్టలు చుట్టుకుని ఉండే సన్నని గొట్టం అడుగున. అక్కడ పుట్టే ద్రవంలో ఉప్పు దాదాపు రక్తంలో ఉన్నంతా ఉంటుంది. అది పైకి ఎక్కి చర్మం మీదికి వచ్చేలోపు గొట్టం గోడల్లోని కణాలు అందులోని ఉప్పును చాలావరకు వెనక్కి లాగేసుకుంటాయి. మిగిలిన కాస్త ఉప్పే మన నాలుకకు తగిలేది. మే నెలలో మిర్చి కల్లంలో పొద్దస్తమానం పనిచేసిన మనిషి లీటర్ల కొద్దీ చెమట కార్చి కూడా నిలబడగలుగుతున్నాడంటే ఆ కణాలు చేసే పని వల్లే.

కొందరు పిల్లల్లో ఈ పని జరగదు. పుట్టినప్పటి నుంచీ జరగదు. ఆడుకుని వచ్చాక వాళ్ల నుదుటి మీద, చెవుల వెనక ఉప్పు పొడి తెల్లగా పేరుకుంటుంది. బిడ్డను ముద్దాడిన తల్లి పెదవికి ఉప్పు గట్టిగా తగులుతుంది. నుదురు ఉప్పగా ఉన్న బిడ్డ ఎక్కువకాలం బతకదని యూరప్ పల్లెల్లో కొన్ని వందల ఏళ్ల కిందటే చెప్పుకునేవారు. అయితే ఆ పిల్లల్లో ఎక్కువమందిని బలి తీసుకున్నది ఎండదెబ్బ కాదు, ఊపిరితిత్తుల జబ్బు. చర్మం మీది ఉప్పుకూ ఛాతీలోని ఆయాసానికీ ఏమిటి సంబంధం? ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి 1938 నుంచి 1989 దాకా, యాభై ఒక్క ఏళ్లు పట్టింది. ఆ జబ్బు పేరు సిస్టిక్ ఫైబ్రోసిస్. వంశపారంపర్యంగా వచ్చే ఊపిరితిత్తుల జబ్బుల్లో వైద్యశాస్త్రం అణువుల స్థాయి దాకా విప్పి చూడగలిగిన జబ్బుల్లో ఇది ఒకటి.

వెనక్కి రాని ఉప్పు

1938లో న్యూయార్క్‌లో డొరొతీ ఆండర్సన్ అనే వైద్యురాలు, తిన్నది ఒంటపట్టక చనిపోయిన పసివాళ్ల శరీరాలను పరీక్షిస్తూ వాళ్లలో కొందరి క్లోమ గ్రంథి తిత్తులతో, మచ్చకట్టిన కణజాలంతో నిండిపోయి ఉండటం గమనించింది. ఊపిరితిత్తులు కూడా జిగట తెమడతో పూడుకుపోయి ఉన్నాయి. ఇది వేరే జబ్బు అని మొదట స్పష్టంగా రాసింది ఆమే. అప్పట్లో ఈ పిల్లలు చాలామంది మొదటి పుట్టినరోజు కూడా చూసేవారు కాదు.

1948 ఆగస్టులో అదే నగరంలో వడగాడ్పులు వీచాయి. ఎండకు సొమ్మసిల్లి ఆసుపత్రికి వచ్చిన పిల్లల్లో ఈ జబ్బు ఉన్నవాళ్లు ఉండాల్సినదానికంటే ఎక్కువమంది కనిపించారు. క్లోమం చెడిపోతే ఎండకు ఎందుకు తట్టుకోలేరు? ఈ ప్రశ్న వెంటపడిన పాల్ డి శాంట్ ఆగ్నీస్ అనే వైద్యుడు వాళ్ల చెమటను పరీక్షించి, అందులో ఉప్పు మామూలు పిల్లలకంటే ఎన్నో రెట్లు ఎక్కువని 1953లో ప్రకటించాడు. మరో ముప్పై ఏళ్లకు, 1983లో, పాల్ క్వింటన్ అసలు లోపం ఎక్కడుందో పట్టుకున్నాడు. ఈయన శరీరధర్మ శాస్త్రవేత్త. ఈ జబ్బు ఆయనకే ఉంది. చెమట గొట్టం గోడలోంచి క్లోరైడ్ లోపలికి దాటడం లేదని ఆయన చూపించాడు. ఉప్పంటే సోడియం, క్లోరైడ్ జంట. క్లోరైడ్‌కు దారి లేకపోతే సోడియం కూడా వెనక్కి రాలేదు. రెండూ చెమటతోపాటు బయటికి పోతాయి.

> చెమట పరీక్ష ఎలా చేస్తారు?
> పిల్లవాడి ముంజేతి మీద చెమట పుట్టించే పైలోకార్పిన్ అనే మందు తడిపిన చిన్న మెత్త పెట్టి, కొన్ని నిమిషాలపాటు చాలా బలహీనమైన విద్యుత్తు పంపుతారు. చిమచిమలాడుతుంది, అంతే. సూది గుచ్చరు. తర్వాత మెత్త తీసేసి, ఆ చోట వడగట్టు కాగితం కానీ సన్నని గొట్టపు చుట్ట కానీ అమర్చి అరగంట సేపు చెమట పడతారు. అందులో క్లోరైడ్ ఎంతుందో కొలుస్తారు. లీటరుకు 30 మిల్లీమోల్స్ లోపు ఉంటే ఈ జబ్బు ఉండే అవకాశం తక్కువ. 60, ఆపైన ఉంటే జబ్బు ఉన్నట్టే లెక్క. మళ్లీ ఒకసారి చూసి, జన్యు పరీక్షతో ఖాయం చేస్తారు. మధ్యలో ఉంటే తప్పకుండా జన్యు పరీక్ష చేయాలి. ఈ పరీక్ష పద్ధతి 1959 నాటిది. ఇప్పటికీ దీన్ని మించింది రాలేదు.

1480లో ఒకటి

క్లోరైడ్‌కు దారి ఇచ్చేది ఒక ప్రోటీన్. దాని పేరు సీఎఫ్‌టీఆర్. కణం చుట్టూ ఉండే పొర కొవ్వుతో తయారైంది కాబట్టి ఉప్పు దాని గుండా తనంత తాను దాటలేదు. సీఎఫ్‌టీఆర్ ఆ పొరలో ఈ వైపు నుంచి ఆ వైపు దాకా దిగబడి ఉంటుంది. మధ్యలో సన్నని దారి. ఆ దారి ఎప్పుడూ తెరిచి ఉండదు. కణం నుంచి ఆజ్ఞ వచ్చాక, కణంలో శక్తిని మోసే ఏటీపీ అణువులు వచ్చి అంటుకుంటే తెరుచుకుంటుంది, వాటిలో ఒకటి విరిగితే మూసుకుంటుంది. ఏటీపీని 1929లో కండరాల్లో గుర్తించినవాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆ పని చేశారు. అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని కనుక్కున్నాడు. ఆ అణువు మన ఊపిరి గొట్టాల్లోని ఉప్పు దారిని కూడా తెరుస్తుందని అప్పటికి ఎవరూ ఊహించి ఉండరు.

ఈ ప్రోటీన్ తయారీకి ఆదేశాలు ఏడో క్రోమోజోము మీదున్న ఒక జన్యువులో ఉంటాయి. దాన్ని 1989లో టొరంటోలో లాప్-చీ సుయ్, జాన్ రియోర్డాన్, మిషిగన్‌లో ఫ్రాన్సిస్ కాలిన్స్ బృందాలు కలిసి కనుక్కున్నాయి. సీఎఫ్‌టీఆర్‌లో 1480 అమైనో ఆమ్లాలు వరసగా ఉంటాయి. రోగుల్లో ఎక్కువమందికి ఆ వరసలో 508వ స్థానంలో ఉండాల్సిన ఫినైల్ అలనిన్ ఒక్కటే లేదు. జన్యువులో రెండు లక్షలకు చేరువైన అక్షరాల్లో మూడే మూడు రాలిపోయాయి.

1480లో ఒక్కటి పోతే ఏమవుతుంది? మిగిలినవి పనిచేయవా? ఇక్కడే ఈ కథలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా తోచే మలుపు ఉంది. ప్రోటీన్ పొడవుగా తయారై ఊరుకోదు, సరైన ఆకారంలో ముడుచుకోవాలి. 508వది లేకపోతే ఆ ముడత సరిగా కుదరదు. కణంలో ప్రతి కొత్త ప్రోటీన్‌కూ తనిఖీ ఉంటుంది. ఆకారం కుదరనివాటిని కణం పైపొరకు పంపకుండా లోపలే ఆపి ముక్కలు చేసి పారేస్తుంది. 1990లో మైఖేల్ వెల్ష్, అలన్ స్మిత్ బృందాలు చూపించింది ఇదే. ఆ ప్రోటీన్ తయారవుతోంది. తన చోటికి చేరడం లేదు.

1992లో వెల్ష్ ప్రయోగశాలలోనే మరో ప్రయోగం జరిగింది. ఈ లోపం ఉన్న ప్రోటీన్‌ను తయారుచేసే కణాలను శరీర ఉష్ణోగ్రతలో కాకుండా చల్లగా, 30 డిగ్రీల లోపు పెంచారు. చల్లదనంలో ప్రోటీన్ మెల్లగా ముడుచుకుంది, అందులో కొంత తనిఖీ దాటుకుని పైపొరకు చేరింది. చేరాక క్లోరైడ్‌ను పంపింది కూడా, కాకపోతే అరకొరగా. మనిషి ఒంటిని 27 డిగ్రీలకు చల్లబరచలేం. కానీ ఆకారం కుదర్చడానికి చిన్న ఆసరా దొరికితే ఈ ప్రోటీన్ పనికొస్తుందని తేలింది. తర్వాత వచ్చిన మందులన్నిటికీ ఆశ పుట్టింది అక్కడే.

అందరిలో తప్పు ఒకేచోట ఉండదు. ఈ జన్యువులో ఇప్పటికి రెండు వేలకు పైగా మార్పులు నమోదయ్యాయి. వాటిలో చాలా మార్పులు జబ్బు తెస్తాయని నిర్ధారణ అయింది. కొందరిలో ఆదేశం మధ్యలోనే తెగిపోయి ప్రోటీన్ అసలు తయారే కాదు. కొందరిలో తయారై పైపొరకు చక్కగా చేరుతుంది కానీ దారి తెరుచుకోదు. ఇంకొందరిలో తెరుచుకుంటుంది, దారి ఇరుకు. ఎవరి లోపం ఎలాంటిదో తెలియకుండా మందు ఎంచుకోలేం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితో పని ఉంది.

ఊపిరి గొట్టాల్లో నీటి కరువు

చెమట గొట్టంలో సీఎఫ్‌టీఆర్ ఉప్పును లోపలికి లాగుతుంది. ఊపిరి గొట్టాల్లో అదే ప్రోటీన్ పని తిరగబడుతుంది: క్లోరైడ్‌ను, బైకార్బొనేట్‌ను కణంలోంచి గొట్టం లోపలికి వదులుతుంది. ఉప్పు ఎటు పోతే నీరు అటు పోతుంది. కాబట్టి సీఎఫ్‌టీఆర్ లేని చర్మం మీద ఉప్పు ఎక్కువవుతుంది, సీఎఫ్‌టీఆర్ లేని ఊపిరి గొట్టంలో నీరు తక్కువవుతుంది. లోపం ఒక్కటే, ఫలితాలు రెండు.

ఆ నీరు ఎంత? గొట్టం లోపలి గోడ మీద మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో ఏడు భాగాల మందం. అంత పలచని నీటి పొరలో నిలబడి శైలికలు ఊగుతుంటాయి. ఒక్కో కణానికి రెండు వందల దాకా ఉండే ఈ సన్నని పోగులు సెకనుకు పది పదిహేను సార్లు, అన్నీ ఒకే వైపు, గొంతు వైపు కొడతాయి. నీటి పొర పైన పలచని శ్లేష్మం. మనం పీల్చే దుమ్ము, పొగ నుసి, సూక్ష్మజీవులు దానికి అతుక్కుంటాయి. శైలికలు దాన్ని మెల్లగా పైకి నెడుతూ గొంతు దాకా తెస్తాయి. మనకు తెలియకుండానే మింగేస్తాం. రాత్రింబగళ్లు ఆగని ఈ శుభ్రం వల్లే రోజూ వేల లీటర్ల గాలి పీల్చే ఊపిరితిత్తులు చెక్కుచెదరకుండా ఉంటాయి.

శ్లేష్మంలో ముఖ్యమైన పదార్థం మ్యూసిన్. కణం లోపల ఇది బాగా కుదించిన స్థితిలో, కాల్షియంతో బిగిసి ఉంటుంది. బయటికి వచ్చాక బైకార్బొనేట్ ఆ కాల్షియంను తప్పిస్తే, నీరు తాగి వందల రెట్లు ఉబ్బుతుంది. ఎండాకాలం షర్బత్‌లో వేసే సబ్జా గింజలు చూడండి. గ్లాసెడు నీళ్లలో చిటికెడు వేస్తే ప్రతి గింజా దేనికదే ఉబ్బి, జారుడుగా, ఒకదానికొకటి అంటకుండా తేలుతుంది. అవే గింజలను చెంచాడు నీళ్లలో వేసి పెట్టండి. ముద్దకట్టి గిన్నెకు పట్టేస్తాయి, గీకితే తప్ప రావు. గింజల్లో తేడా లేదు, నీళ్లలోనే తేడా. సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగి మ్యూసిన్ కూడా మామూలుదే. విచ్చుకోవడానికి దానికి నీరు చాలదు, బైకార్బొనేట్ చాలదు. గ్రంథుల్లోంచి తీగలు తీగలుగా వచ్చి, వాటి మూతుల దగ్గరే అంటుకుపోతుంది. నీటి పొర తగ్గి శైలికలు ఆ జిగట కింద వంగి అణిగిపోతాయి.

ఇక్కడ చాలాకాలం ఒక వాదం నడిచింది. ముందు ఇన్ఫెక్షన్ వచ్చి దానివల్ల తెమడ పట్టిందా, తెమడ వల్ల ఇన్ఫెక్షన్ వచ్చిందా? ఎలుకల్లో ఈ జన్యువును తీసేస్తే ఊపిరితిత్తులకు ఇలాంటి జబ్బు రాదు, కాబట్టి వాటిని చూసి తేల్చలేకపోయారు. 2008లో అమెరికాలో సీఎఫ్‌టీఆర్ లేని పందిపిల్లలను పుట్టించారు. పుట్టిన వెంటనే వాటి ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, వాపు లేదు. కానీ మామూలు పందిపిల్లలు ఊపిరితిత్తుల్లో చేరిన సూక్ష్మజీవులను త్వరగా తుడిచేస్తే, ఇవి తుడవలేకపోయాయి. బైకార్బొనేట్ లేక ఆ నీటి పొర పులిసిపోయి, అందులో సహజంగా ఉండే క్రిమిసంహారక పదార్థాలు బలహీనపడ్డాయని 2012లో తేలింది. అంటే లోపం పుట్టుకతోనే సిద్ధంగా ఉంది, ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చి చేరింది.

చిన్నతనంలో ఎక్కువగా స్టెఫైలోకాకస్, హీమోఫిలస్ జాతి బాక్టీరియా, పెద్దయ్యే కొద్దీ సూడోమోనాస్ ఆ తెమడలో కాపురం పెడతాయి. సూడోమోనాస్ తన చుట్టూ జిగురు పొర అల్లుకుంటుంది. యాంటీబయాటిక్ ఆ పొరను దాటి లోపలికి పోవడం కష్టం. దాన్ని చంపడానికి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు గుంపులుగా వస్తాయి, అక్కడే చనిపోతాయి. చచ్చిన కణాల్లోంచి డీఎన్‌ఏ పోగులు బయటపడి, చిక్కటి తెమడను ఇంకా చిక్కగా చేస్తాయి. వాటిలోంచి కారే ఎలాస్టేజ్ అనే ఎంజైమ్ బాక్టీరియాతో ఆగదు, గొట్టాల గోడల్లో సాగే గుణం ఉన్న పోగులను కూడా కత్తిరిస్తుంది. గోడలు వదులై, గొట్టాలు వెడల్పుగా సాగిపోయి, వాటిలో తెమడ నిలవ ఉండిపోతుంది. నిలవ ఉన్న తెమడలో మళ్లీ ఇన్ఫెక్షన్. మానని దగ్గు, పచ్చటి తెమడ, మెట్లెక్కితే ఆయాసం, ఉబ్బి గుండ్రమైన వేలి చివర్లు, చివరికి ఆక్సిజన్ సిలిండర్. కొందరికి ఊపిరితిత్తుల మార్పిడి తప్ప దారి ఉండదు. మొదలుపెట్టింది ఉప్పు లోపమే అయినా ఊపిరితిత్తిని కొరికేసేది చాలావరకు మన సొంత రక్షణ వ్యవస్థే.

ఒంటికి పట్టని తిండి

సీఎఫ్‌టీఆర్ ఊపిరితిత్తుల్లోనే ఉండదు. క్లోమంలో జీర్ణరసం పేగులోకి వచ్చే సన్నని కాల్వల్లో కూడా అది నీటిని, బైకార్బొనేట్‌ను వదులుతుంది. అది లేకపోతే రసం గడ్డకట్టి కాల్వలు పూడుకుపోతాయి. ఎంజైములు పేగును చేరవు, లోపలే ఉండి క్లోమాన్నే తినేస్తాయి. కొంతమంది బిడ్డల్లో ఈ పని తల్లి కడుపులోనే అయిపోతుంది. పదిమందిలో ఒకరిద్దరికి పుట్టగానే మొదటి విరేచనం బంకలా పేగులో ఇరుక్కుని, అత్యవసర ఆపరేషన్ దాకా వస్తుంది.

తిన్న కొవ్వు అరగదు. విరేచనం ఎక్కువగా, జిడ్డుగా, దుర్వాసనతో పోతుంది. ఈ పిల్లలు తిండి బాగా తింటారు, ఆకలి ఎక్కువే, కానీ ఒళ్లు చేయరు. "ఎంత పెట్టినా ఒంటికి పట్టడం లేదు" అని తల్లులు చెప్పే మాటలో వైద్యుడు వినాల్సిన సంగతి ఉంది. నానమ్మ దిష్టి తీస్తుంది, పక్కింటావిడ టానిక్కు పేరు చెబుతుంది, ఇంకో ఏడాది గడిచిపోతుంది. కొవ్వులో కరిగే ఏ, డీ, ఈ, కే విటమిన్లు కూడా అందవు. క్లోమం చెడిపోతూ పోతే పెద్దయ్యాక మధుమేహం వస్తుంది. కొందరికి కాలేయం దెబ్బతింటుంది. మగవాళ్లలో నూటికి తొంభై ఐదుమందికి పైగా వీర్యవాహినులు ఏర్పడవు కాబట్టి మామూలుగా పిల్లలు పుట్టరు. అయితే వృషణాల్లో వీర్యకణాలు తయారవుతూనే ఉంటాయి, వైద్య సహాయంతో తండ్రులు కావచ్చు.

జీర్ణం విషయంలో వైద్యం సూటిగా ఉంటుంది. లేని ఎంజైములను ప్రతి భోజనంతోపాటు గుళికల రూపంలో ఇస్తారు. ఈ ఎంజైములను పంది క్లోమం నుంచి తీస్తారని ముందే చెప్పడం మంచిది. మతపరంగా అభ్యంతరం ఉన్న కుటుంబాలు వైద్యుడితో విడమరిచి మాట్లాడుకోవాలి. నూనె, నెయ్యి తగ్గించమని ఈ పిల్లలకు చెప్పకూడదు. గుళికలు వేసుకుని నెయ్యి, పెరుగు, వేరుశనగ, గుడ్డు, అన్నీ పుష్కలంగా తినాలి. ఉప్పు కూడా ఎక్కువే కావాలి.

అమ్మానాన్నలకు లేని జబ్బు

ప్రతి జన్యువూ మనకు రెండేసి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. సీఎఫ్‌టీఆర్ రెండిట్లో ఒక్కటి బాగున్నా చాలు, జబ్బు రాదు. అలా ఒకటి బాగుండి ఒకటి చెడినవాళ్లు వాహకులు. వాళ్లకు సాధారణంగా ఏ ఇబ్బందీ ఉండదు కాబట్టి జన్యు పరీక్ష చేస్తే తప్ప తాము వాహకులమని తెలియదు. ఇద్దరు వాహకులకు పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదని కొందరు అనుకుంటారు. అది తప్పు. ప్రతి కాన్పులోనూ లెక్క మొదటి నుంచే మొదలవుతుంది. ఎవరి పాపమో, ఎవరి వైపు రక్తమో అని కోడలిని వేలెత్తి చూపే కుటుంబాలకు ఒక్క మాట: చెడిన జన్యువు రెండు వైపుల నుంచీ వస్తే తప్ప ఈ జబ్బు రానే రాదు.

> మేనరికం లెక్క
> ఒక మనిషి వాహకుడు అనుకుందాం. బయట జనంలో వందమందికి ఒకరు వాహకులని ఊహిద్దాం. అతడు బయటి అమ్మాయిని చేసుకుంటే, ఆమె కూడా వాహకురాలయ్యే అవకాశం వందింట ఒకటి. బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగు వందల్లో ఒకటి. మేనమరదలిని చేసుకుంటే, అదే చెడిన జన్యువు ఆమెలో ఉండే అవకాశం ఎనిమిదింట ఒకటి. బిడ్డకు ముప్పై రెండింట ఒకటి. అక్క కూతురిని చేసుకుంటే ఆమెలో ఉండే అవకాశం నాలుగింట ఒకటి. బిడ్డకు పదహారింట ఒకటి. ఒక్క సిస్టిక్ ఫైబ్రోసిస్‌కే కాదు, ఇలా రెండు వైపుల నుంచీ వస్తేనే బయటపడే జబ్బులన్నిటికీ ఈ లెక్క వర్తిస్తుంది.

ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో మేనరికాలు తగ్గుతున్నా ఇంకా ఉన్నాయి. ఇప్పటికే చేసుకున్నవాళ్లను నిందిస్తే ఒరిగేదేమీ లేదు. ఇంట్లో పసిబిడ్డలు పదేపదే నెమ్ముతో, తెరలు తెరల దగ్గుతో పోయిన చరిత్ర ఉంటే, తర్వాతి కాన్పుకు ముందు ఆ సంగతి వైద్యుడికి చెప్పాలి. తల్లిదండ్రుల్లో మార్పు ఏదో తెలిస్తే గర్భంలోనే పరీక్షించడం సాధ్యం.

ఇంత చెడ్డ జన్యువు ఉత్తర యూరప్ జనంలో పాతికమందికి ఒకరిలో ఎలా మిగిలిపోయింది? కలరా విషం పేగులోని సీఎఫ్‌టీఆర్‌నే మూతపడకుండా తెరిచి పెడుతుంది, అందుకే నీళ్ల విరేచనాలు. వాహకుల్లో ఆ దారులు సగమే కాబట్టి వాళ్లు నీటి విరేచనాలను కాస్త మెరుగ్గా తట్టుకుని బతికారేమో అని ఒక ఊహ. ఎలుకల మీద 1994లో చేసిన ప్రయోగం దాన్ని బలపరిచింది. టైఫాయిడ్, క్షయ పేర్లు కూడా ఇదే సందర్భంలో వినిపిస్తాయి. వాదం ఇంకా తెగలేదు.

మన దగ్గర ఎందుకు దొరకదు

ఇది తెల్లవాళ్ల జబ్బు, మనకు రాదు అన్న నమ్మకం మన వైద్య కళాశాలల్లో చాలాకాలం ఉంది. 1968 నాటికే మన దేశపు వైద్య పత్రికల్లో భారతీయ పిల్లల కేసులు అచ్చయ్యాయి. అయినా ఆ నమ్మకం పోలేదు. యూరప్ కంటే ఇక్కడ అరుదే, కానీ కోటానుకోట్ల జనాభాలో అరుదైనది కూడా తక్కువ మంది కాదు. ఎడతెగని దగ్గు, బరువు పెరగకపోవడం అనగానే మన వైద్యుడికి మొదట తట్టేది క్షయ. అది సహజమే, మన దగ్గర క్షయ అంత ఎక్కువ. ఆరు నెలలు క్షయ మందులు వాడాక తగ్గకపోతే ఉబ్బసం అంటారు, పిల్లికూతలకు పంపు ఇస్తారు. చెమట పరీక్ష చేసే చోట్లు దేశంలో చాలా తక్కువ. పుట్టిన ప్రతి బిడ్డ మడమ నుంచి రక్తపు చుక్క తీసి ఈ జబ్బును పట్టుకునే పద్ధతి అమెరికాలో, బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో అందరికీ ఉంది. మనకు అలాంటి జాతీయ కార్యక్రమం లేదు.

మన ఎండలతో ఇంకో ప్రమాదం ఉంది. రోహిణి కార్తెలో మామూలు పసివాడికే ఉప్పు, నీరు తగ్గుతాయి. ఈ జబ్బున్న పసిబిడ్డ ఒంట్లోంచి ఉప్పు చెమట రూపంలో కారిపోయి, విరేచనాలు ఏమీ లేకుండానే శోష వచ్చి పడిపోవచ్చు. రక్త పరీక్షలో సోడియం, పొటాషియం, క్లోరైడ్ మూడూ పడిపోయి, రక్తం క్షార గుణం వైపు మొగ్గి ఉంటుంది. కొందరు పిల్లల్లో జబ్బు మొదట బయటపడేది ఇలాగే. వాంతులూ విరేచనాలూ లేకుండా ఉప్పు పడిపోయిన బిడ్డను చూస్తే పిల్లల వైద్యులు ఈ జబ్బును తలచుకోవాలి.

తెమడ నుంచి ప్రోటీన్ దాకా

దశాబ్దాలపాటు వైద్యమంతా పర్యవసానాల మీదే నడిచింది. తల్లిదండ్రులు రోజుకు రెండు పూటలా పిల్లవాడిని ఒరగబెట్టి వీపు మీద, పక్కల మీద గుల్ల చేసిన అరచేత్తో తట్టి తెమడ కదిలిస్తారు. తర్వాత గాలి ఊదే వ్యాయామాలు. 1993లో చచ్చిన కణాల డీఎన్‌ఏ పోగులను కత్తిరించే ఎంజైమ్, పీల్చే మందుగా వచ్చింది. ఆస్ట్రేలియాలో సముద్రపు అలల మీద సర్ఫింగ్ చేసే రోగుల ఊపిరితిత్తులు మిగతావాళ్లకంటే బాగున్నాయని వైద్యులు గమనించారు. గట్టి ఉప్పునీటి తుంపర పీలిస్తే ఊపిరి గొట్టాల్లోకి నీరు చేరుతుందని, ఇన్ఫెక్షన్లు తగ్గుతాయని 2006లో నిరూపించారు. నెబ్యులైజర్‌లో పోసే 7 శాతం ఉప్పునీరు. ఖరీదు తక్కువ, మన దగ్గరా చేయదగిన వైద్యం. ఇవన్నీ, యాంటీబయాటిక్‌లు, మంచి తిండి కలిసి ఆయుష్షును మెల్లగా పెంచుతూ వచ్చాయి.

మూలానికి మందు 2012లో దొరికింది. ఐవాకాఫ్టర్ అనే మాత్ర, పైపొరకు చేరి కూడా తెరుచుకోని సీఎఫ్‌టీఆర్‌ను తెరిచి ఉంచుతుంది. లక్షల రసాయనాలను కణాల మీద పరీక్షించి దాన్ని పట్టుకున్నారు. రోగుల ఊపిరి గొట్టాల నుంచి పెంచిన కణాల మీద పోస్తే నీటి పొర పెరిగింది, శైలికలు వేగంగా కొట్టడం మొదలుపెట్టాయి. అయితే మొదట్లో అది నూటికి నలుగురైదుగురికే పనికొచ్చే మందు. 508వ స్థానం పోయినవాళ్లకు ముందు ప్రోటీన్‌ను ముడిచి పైకి చేర్చే ఆసరా కావాలి, ఆ తర్వాత తెరిచే మందు. 2019లో వచ్చిన మాత్రలో ఆసరా ఇచ్చే మందులు రెండు, తెరిచేది ఒకటి, మొత్తం మూడు. వాడినవాళ్లలో ఊపిరితిత్తుల శక్తి సుమారు 14 శాతం మేర పెరిగింది, తీవ్రంగా ముదిరే సందర్భాలు 63 శాతం తగ్గాయి. చెమటలో క్లోరైడ్ కూడా బాగా దిగింది. ఆ మందులు వచ్చాక అమెరికాలో ఇప్పుడు పుట్టే రోగుల సగటు ఆయుష్షు అంచనా అరవై ఏళ్లు దాటింది. ఈ మందులకు బాట వేసినందుకు మైఖేల్ వెల్ష్, జీసస్ గొంజాలెజ్, పాల్ నెగులెస్కులకు 2025లో లాస్కర్ పురస్కారం ఇచ్చారు.

ఇక మార్పుల తేడా సంగతి. అమెరికా, యూరప్ రోగుల్లో పదిమందిలో ఎనిమిది తొమ్మిదిమందికి కనీసం ఒక జన్యువులోనైనా 508 లోపం ఉంటుంది. మన దేశంలో పరీక్షించినవాళ్లలో ఆ మార్పు వాటా సగానికి తక్కువే. మిగతావి రకరకాల అరుదైన మార్పులు. కాబట్టి రోగికి ఏ మార్పు ఉందో చూడకుండా మందు గురించి మాట్లాడలేం. అరుదైన మార్పులకు పెద్ద పరీక్షలు చేయడానికి రోగులు దొరకరు. 2020 డిసెంబరులో అమెరికా ఔషధ సంస్థ మంచి పద్ధతి అనుసరించింది. ఆ మార్పున్న ప్రోటీన్‌ను ప్రయోగశాల కణాల్లో తయారుచేసి, మందు పోసి, క్లోరైడ్ ఎంత కదిలిందో కొలిచిన ఫలితాల ఆధారంగా 177 అరుదైన మార్పులకు మూడు మందుల మాత్రను అనుమతించింది. హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ లాంటి జన్యు పరిశోధన సంస్థలున్న చోట మన పిల్లల మార్పులను ఇలా ఒక్కొక్కటే పరీక్షించడం అసాధ్యమేమీ కాదు.

అసలు అడ్డంకి ధర. మూడు మందుల మాత్రకు విడుదలైనప్పుడు పెట్టిన ధర ఏడాదికి 3,11,000 డాలర్లు, అప్పటి లెక్కలో రెండు కోట్ల రూపాయలకు పైన. జీవితాంతం వాడాలి. తయారీ ఖర్చు ఏడాదికి ఆరు వేల డాలర్ల లోపే అవుతుందని 2022లో వెలువడిన ఒక విశ్లేషణ అంచనా కట్టింది. అర్జెంటీనాలో దాని జనరిక్ తయారవుతోంది. అసలు ధరలో చిన్న భాగమే అయినా మన మధ్యతరగతి ఇంటికి అదీ అందదు. 2023లో భారత్, దక్షిణాఫ్రికా, బ్రెజిల్, ఉక్రెయిన్‌లలోని రోగుల కుటుంబాలు పేటెంటు అడ్డు తొలగించి జనరిక్ తయారీకి దారి ఇవ్వాలని తమ ప్రభుత్వాలను కోరాయి. మన పేటెంటు చట్టంలో కంపల్సరీ లైసెన్సుకు వీలుంది. ఇప్పటిదాకా అది ఒక్కసారే ఇచ్చారు. 2012 మార్చిలో, కాలేయ, మూత్రపిండాల క్యాన్సర్‌కు వాడే సొరాఫెనిబ్ తయారుచేయడానికి హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మాకు ఇచ్చారు. నెలకు 2,80,000 రూపాయలున్న మందు 8,800 రూపాయలకు వచ్చింది. సిస్టిక్ ఫైబ్రోసిస్ కుటుంబాలు అడుగుతున్నది రెండోసారి.